నూటికి నూరు

పెద్దమాస్టారి గదిలో, కుర్చీ వెనక గోడకి ఒక షీల్డు వేలాడుతోంది. నిరుడు ఏడో తరగతి పరీక్షల్లో నూటికి నూరు శాతం పాసయినందుకు ఇచ్చారు. పట్టణంలో ఆ ఘనత ఈ ప్రభుత్వ బడిదొక్కటే. ఎలా సాధించారంటారా? పరీక్షలు రెండు నెలలున్నాయనగా, తప్పుతారనిపించిన ముగ్గురు పిల్లల చేతుల్లో టీసీలు పెట్టి సాగనంపారు. అంతే కిటుకు! శాలువా కప్పించుకుంటున్నప్పుడు ఆ ముగ్గురూ గుర్తొచ్చారా అంటే, అబ్బే.

ఈ ఏడు పైనుంచి ఉత్తర్వు ఊడిపడింది. ఇరవైమందికి ఒక్కరు తగ్గినా బడికి తాళం. హాజరు పట్టీ ఎన్నిసార్లు తిరగేసినా పంతొమ్మిదే. సాయంత్రం ఐదింటికల్లా లెక్క పంపాలి. వెళ్ళగొట్టిన ముగ్గురిలో ఇద్దరు ఊరే విడిచిపోయారు. మిగిలింది దర్జీ ఆవిడ కూతురు. మాస్టారు సిగ్గు దిగమింగుకుని ఆ సందులోకి నడిచారు.

ఆవిడ కుట్టుమిషను ఆపలేదు. పక్కనే చొక్కాకి గుండీలు కుడుతున్న పిల్ల మాత్రం ఆయన్ని చూడగానే చేతులు కట్టుకుని లేచి నిలబడింది.

"పిల్లని మళ్ళీ బడికి పంపమ్మా. నేనే దగ్గరుండి చదివిస్తాను."

"మొద్దుమొహం అన్నారు కద సార్, పదిమందిలో! ఆ రోజునుంచి పుస్తకం ముట్టలేదిది."

"ఏదో నోరు జారానమ్మా. ఒక్క పేరు తగ్గితే బడి మూసేస్తారు. పంతొమ్మిదిమంది పిల్లలు ఏమైపోవాలి?"

మిషను ఆగింది.

"అప్పుడు దీని పేరుంటే మీ పరువు పోయేది. ఇప్పుడు లేకపోతే బడి పోతోంది. మీకు కావాల్సింది పేరే గానీ పిల్ల కాదు. నూటికి నూరు వచ్చిందిగా సార్? ఆ షీల్డునే కూర్చోబెట్టి పాఠం చెప్పుకోండి."

మాస్టారి మొహం మాడిపోయింది. అయినా ఆశ చావక పిల్లవైపు తిరిగారు.

"నువ్వు చెప్పమ్మా. వస్తావా?"

పిల్ల తల్లివైపు ఒకసారి చూసింది. రావాలనే ఉంది దానికి, పాపం.

"పరీక్షల ముందు మళ్ళీ పంపించేస్తారా సార్?"

పంపనని ఒక్క మాటంటే చాలు. అనడానికే నోరు తెరిచారాయన. ఈ ఏటి పరీక్షలు గుర్తొచ్చాయి, షీల్డు గుర్తొచ్చింది.

పిల్ల మళ్ళీ కూర్చుని సూది అందుకుంది.

ఐదింటికి మాస్టారు కాగితంలో పంతొమ్మిదని వేసి సంతకం పెట్టారు. పిల్లలు తగ్గడానికి కారణమేమిటని అడిగిన గడి దగ్గర మాత్రం కాసేపు ఆగారు. తరవాత గుండ్రటి అక్షరాలతో రాశారు: "తల్లిదండ్రులకు చదువుమీద శ్రద్ధ లేకపోవడం."