అడుగు చూసి తాగే మనిషి

నేను ఒక స్టీలు గ్లాసును. ఫ్యాక్టరీలో మిషన్ ఒక్క దెబ్బతో రేకును నాలా వంచితే, సిరిసిల్ల బజారులో భూలక్ష్మి మేనమామ నన్ను కొని ఆమె పెళ్లిలో చదివించాడు. పెళ్లికూతురి పేరు చిన్నగా, తన పేరు పెద్దగా చెక్కించాడు. మనుషుల ప్రేమ అలాగే ఉంటుంది లెండి.

భూలక్ష్మి భర్త మార్కండేయులు ఇంటి పక్క షెడ్డులో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. మంచివాడే. పని దిగితే మాత్రం కాళ్లు బెల్టు షాపు వైపే లాగేవి. భూలక్ష్మి ఏడ్చింది, ఒట్లు వేయించుకుంది, అలిగి పుట్టింటికీ పోయింది. చివరికి ఎవరో చెబితే తాగుడు మాన్పించే మాత్ర తెచ్చి, పొడి చేసి, ఆయనకు చెప్పకుండా రోజూ మజ్జిగలో కలిపింది. ఆ మజ్జిగ పోసింది నాలోనే. చెప్పేందుకు నాకు నోరెక్కడిది?

ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ఒళ్లు ఎదురు తిరుగుతుందని ఆవిడకు తెలుసు. ఎంతగా తిరుగుతుందో తెలియదు. మూడో రోజు సాయంత్రం ఆయన తాగి వచ్చి, ముఖమంతా ఎర్రబడి, గుండె దడదడలాడుతూ వాకిట్లో కూలబడ్డాడు. దవాఖానాలో గండం గడిచాక డాక్టరమ్మ భూలక్ష్మికి చీవాట్లు పెట్టింది.

"చెప్పకుండ పెడితే వైద్యం గాదమ్మా, విషం పెట్టినట్టే."

ఆ మాట మంచం మీది మనిషి విన్నాడు.

డాక్టరమ్మే ఆయనకు అన్నీ విడమరిచి చెప్పి, తాగాలన్న యావ తగ్గించే వేరే మాత్ర రాసింది. రోజూ పొద్దున భార్య చేతి మీదుగా వేసుకోమంది. ఆయన ఒప్పుకున్నాడు. చుక్క ముట్టి ఏడాది దాటింది. కానీ మాత్ర నోట్లో వేసుకున్నాక, నన్ను వెలుతురుకు వంచి అడుగు చూసిగానీ నీళ్లు తాగడు.

ఆ చూపు భూలక్ష్మి గుండెలో దిగేది. ఒక్కరోజు చూడకుండా తాగితే బాగుండునని ఆవిడ ఎంత తపించిందో నేనూ అంతే తపించాను. అది అడిగితే దొరికేది కాదు. కొన్నాళ్లకు ఆవిడే నన్ను ముందుగా వంచి, అడుగు చూపించి ఇవ్వడం మొదలుపెట్టింది.

నిన్న పొద్దున కూడా అలాగే వంచింది. ఆయన మాత్ర నోట్లో వేసుకుని, సాంచా మీద తెగిన పోగు అతుకుతూ, తల ఎత్తకుండానే చెయ్యి చాచాడు.

"జర చూడు," అంది ఆవిడ.

"ఏం జూస్తనే? దూపైతుంది, ఇటియ్యి."

గడగడా తాగేసి నన్ను ఆవిడ చేతిలో పెట్టాడు. భూలక్ష్మి నన్ను సాయంత్రం దాకా కడగలేదు.