రెండో భాగంలో ఆపుకోవడం లేదు

మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, చెంబెడు నీళ్లు తాగి, గిరిజమ్మ వసారాలో నులక మంచం మీద ఒరిగేది. ముంబై రోడ్డు మీద పోయే లారీల హారన్లు కాసేపు వినేది. ఒక్కోరోజు నిద్రపోయేది. ఒక్కోరోజు "పోయొస్త" అని చెప్పి చచ్చిపోయేది.

మొదటిసారి పోయినప్పుడు న్యాల్‌కల్ నుంచి పుట్టింటివాళ్లు దండలు పట్టుకుని జీపులో దిగారు. దిగేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని చాయ్‌లోకి అల్లం దంచుతోంది. తెచ్చిన దండలు వాడిపోతాయని దేవుడి పటాలకు వేసి, కడుపునిండా తిని వెళ్లారు. ఆ తర్వాత అంత దూరం ఎవరొస్తారు? "లేచిందా?" అని ఫోన్లో అడిగి పెట్టేసేవారు. వీధి చివరి దవాఖానలో కాంపౌండర్ ప్రకాశం ఓసారి వచ్చి నాడి చూసి, "నాడి లేదు. చాయ్ పెట్టుకోన్రి" అని చెప్పి, తానూ ఒక కప్పు తాగి పోయాడు.

ఆమెను వెనక్కి తెచ్చుకోవడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ప్రాణం పోగానే చేతిలోని ఇత్తడి చెంబు జారి బండల మీద ఠంగుమని పడుతుంది. అది విన్నవాళ్లు వచ్చి నుదుటికి విభూతి పెట్టి, చెయ్యి పట్టుకుని, తామెవరో చెప్పుకుని పిలవాలి. తలుపు కొట్టినవాడు పేరు చెప్పకపోతే ఎవరు మాత్రం తీస్తారు? చెయ్యి పూర్తిగా చల్లబడకముందే పిలవాలి. ఆ తర్వాత ఎవరు పిలిచినా లాభం లేదు.

ఆ పని కొన్నాళ్లుగా మనవడు మంజునాథ్ మీద పడింది. కొడుకు శరణప్ప, కోడలు బస్వమ్మ పొద్దున్నే రాయికోడ్ దారిలోని అల్లం చేనుకు పోతే తిరిగొచ్చేసరికి పొద్దుగూకేది. మంజునాథ్‌కు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి పడుకుని, మధ్యాహ్నానికి లేచి, తిని, వసారా పక్క గదిలో గోడకు ఆనుకుని ఫోన్‌లో తుపాకుల ఆట ఆడేవాడు. పెళ్లి వయసొచ్చిన మగవాడు అరచేతిలో తుపాకి పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చోవడమేమిటని బస్వమ్మ సణిగేది. కానీ ఫ్యాక్టరీలో అతని డ్యూటీ వాళ్లందరికీ ఆ ఆటలో మంజునాథ్ అంటే ఉస్తాద్. మొదటి భాగాన్ని చివరిదాకా ఆడినవాడు అతనొక్కడే.

ఇప్పుడు దానికి రెండో భాగం వచ్చింది. డ్యూటీ దిగి హోటల్లో చాయ్ తాగేటప్పుడు అందరికీ అదే ముచ్చట.

"మొదటి దాంట్ల దుశ్మన్లు కోళ్ల లెక్క వరసవెట్టి వస్తుండె," అన్నాడు అతని జతగాడు వీరేశ్. "దీంట్ల ఎనుక నుంచి వస్తున్నరు. మనం యాడ దాక్కుంటమో యాదికి పెట్టుకుంటున్నరు. శాన కష్టం రా."

"గిదేం కష్టం? ఆడరానోనికి అన్ని కష్టమే," అన్నాడు మంజునాథ్ బిస్కెట్ ముంచుకుంటూ. నిజానికి అతనికీ చెమటలు పడుతున్నాయి. ఉస్తాద్ అన్న పేరు ఉన్నాక ఆ మాట పైకి అనడమెట్లా?

నిజం ఒక్క అవ్వకే చెప్పాడు. ఒక మధ్యాహ్నం ఆమే అడిగింది.

"మొదటి దానికి, దీనికి ఏం ఫరక్ రా మంజూ?"

"మొదటి దాన్ని నడుమల ఆపుకోవచ్చవ్వా. మనం మల్ల వచ్చేదాకా ఎక్కడోళ్లక్కడ నిలవడి ఉంటరు. దీంట్ల ఆపుడు లేదు. నలుగురం కల్సి ఆడాలె. ఒక్కడు లేసిపోతె మిగిలినోళ్లు గూడ చస్తరు."

"చస్తె మల్ల లేస్తరు గద?"

"లేస్తరు. మొదటి దాంట్ల సచ్చిన జాగలనే లేస్తుండె. దీంట్ల ఎనుకకు పోయి, మల్ల నడుసుకుంట రావాలె. తుపాకి గూడ ఉండది."

గిరిజమ్మ బోసినోటితో నవ్వింది. "నాది గూడ గంతే అయింది బిడ్డా. మొదట్ల బస్సు దిగినంత అల్కగ ఉండె. ఇప్పుడు ముంబై రోడ్డు దాటినట్టుంటది. అవతల నిలవడి మీరు ఎప్పుడు పిలుస్తరా అని చూడాలె. పిలుపు వినవడితెనే లారీలు ఆగుతయి. దాటేటాలకు మోకాళ్లు పట్టుకుంటయి. వచ్చినప్పుడల్ల ఏదో ఒకటి ఆడ ఇడిసిపెట్టి వస్త. పోయినసారి కుడి చెవు ఇడిసివచ్చిన."

మొదటి భాగాన్ని నడుమ ఆపుకోవచ్చు కాబట్టే ఆ రోజుల్లో ఏ చిక్కూ రాలేదు. చెంబు చప్పుడు కాగానే మంజునాథ్ ఆట ఆపి, విభూతి పెట్టి, "అవ్వా, నేను మంజునాథ్‌ను, రా" అనేవాడు. ఆమె లేచాక చాయ్ పెట్టి ఇచ్చి, ఆగిన చోటి నుంచి ఆడుకునేవాడు.

వానాకాలం మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం మంజునాథ్, వీరేశ్, మరో ఇద్దరు కలిసి రెండో భాగం ఆఖరి కోటలోకి దిగారు. అంతవరకు రావడం అదే మొదలు. స్పీకర్‌లో వీరేశ్ అరుస్తున్నాడు: "మంజూ, ఎనుక చూడు! నువ్వు కదిలితె అందరం ఖతం!" ఫోన్ నిండా తుపాకుల మోత.

అప్పుడు చెంబు పడింది.

మంజునాథ్ విన్నాడు. చెంబు బండల మీద దొర్లి గుమ్మానికి తగిలిన చప్పుడు కూడా విన్నాడు. ఇంకొక్క నిమిషం అనుకున్నాడు. ఒకడు మిగిలాడు, వాణ్ణి కొడితే అయిపోతుంది అనుకున్నాడు. వాణ్ణి కొట్టాక ఇంకొకడు వచ్చాడు. చివరికి గెలిచారు. వీరేశ్ సంతోషంతో తన ఇంటి భాష కన్నడంలోకి దిగిపోయాడు. మంజునాథ్ ఫోన్ మంచం మీద పారేసి వసారాలోకి పరుగెత్తాడు.

అవ్వ పెదవి మీద ఈగ వాలి ఉంది. చెయ్యి దాదాపు చల్లబడింది, అరచేతి నడుమ మాత్రం కాస్త వెచ్చదనం మిగిలింది. ఆ చేతిని రెండు చేతుల మధ్య రుద్దుతూ పిలిచాడు, గొంతు పోయేదాకా పిలిచాడు. ఎప్పటికో ఆమె కళ్లు తెరిచి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరి పిల్లగానివి బిడ్డా నువ్వు?"

సాయంత్రం కొడుకును గుర్తుపట్టింది, కోడల్ని గుర్తుపట్టింది, పాలుపోసే ఆవిడను కూడా పేరుపెట్టి పలకరించింది. మనవడిని మాత్రం రోడ్డు అవతల విడిచిపెట్టి వచ్చింది. శరణప్పకు ఒక కొడుకు ఉన్నాడన్న సంగతే ఆమెకు లేదు.

"చెంబు పడంగనే పోయినవా?" అని అడిగింది బస్వమ్మ.

"పడంగనే పోయిన," అన్నాడు మంజునాథ్.

వాళ్లు నమ్మారు. పెద్దతనం అనుకున్నారు. మర్నాడు హోటల్ ముందు శరణప్ప నలుగురితో, "నా కొడుకు ఇంట్ల ఉన్నడు, మా అమ్మ గురించి నాకు ఫికర్ లేదు" అంటుంటే మంజునాథ్ విన్నాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. చాయ్ తాగకుండానే లేచి ఇంటికొచ్చి, ఫోన్‌లోంచి ఆట తీసేశాడు. వీరేశ్ ఫోన్ చేసి బండబూతులు తిట్టాడు. తిట్లు తింటున్నంతసేపూ అతనికి కొంత నయంగానే అనిపించింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు అవ్వ మంచం పక్కనే కూర్చునేవాడు. ఆమె మర్యాదగా, "మీ ఇంటికి పోవా బిడ్డా? మీ అమ్మ ఎదురుచూడదా?" అని అడిగేది. అట్లా అడిగినప్పుడల్లా అతను నేల చూపులు చూసేవాడు.

అల్లానికి మట్టి ఎగదోసే రోజుల్లో చెంబు మళ్లీ పడింది. మంజునాథ్ అది దొర్లకముందే చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, నేను మంజునాథ్‌ను, రా!"

ఆమెలో చలనం లేదు. మంజునాథ్ ఎవరో ఆమెకు తెలియదాయె.

"శరణప్ప కొడుకును, అవ్వా!"

లేదు. చెయ్యి చల్లబడుతోంది. భయంతో, "అమ్మా, నేను శరణప్పను" అని కూడా అన్నాడు. ఆ అబద్ధమూ రోడ్డు దాటలేదు. ఇంక చెప్పుకోవడానికి అతని దగ్గర ఒక్కటే మిగిలింది. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది అదే. వసారాలో ఎవరూ లేకపోయినా తల ఎత్తలేక, ఆమె చేతిలో ముఖం పెట్టుకుని చెప్పాడు.

"అవ్వా, ఆ దినం చెంబు పడ్డది విన్న. విని గూడ రాలేదు. ఆట ఆడుకుంట కూసున్న. నిన్ను రోడ్డు మీద నిలవెట్టినోన్ని నేనే."

గిరిజమ్మ వేలు కదిలింది. మెల్లగా కళ్లు తెరిచింది.

"నువ్వేనా? గట్ల చెప్పు మరి," అంది. "ఆ దినం నీ తుపాకుల సప్పుడు అవతలికి వినవడె. ఎవరో కొట్లాడుతున్నరు, అయినంక పిలుస్తరులే అని నిలవడ్డ. శానసేపు నిలవడ్డ."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిందంతే. మంజునాథ్‌కు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఏడుస్తూ ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"ఏడ్వకు. ఒకటి అడుగుత, చేస్తవా?"

"చెప్పవ్వా."

"ఈసారి పోతె నన్ను పిలవకు. నాతోని అయితలేదు బిడ్డా. దాటినకొద్ది రోడ్డు పెద్దగైతుంది. మీ నాయినకు మాత్రం చెప్పకు. అమ్మకు నా ఇంట్ల ఏం తక్కువైందని ఏడుస్తడు, నెత్తి కొట్టుకుంటడు."

"నేను పిలవకుంటె వాళ్లు ఏమనుకుంటరు?"

గిరిజమ్మ చాయ్ అడిగింది.

దీపావళికి ముందు, ఎండ తగ్గిన ఒక మధ్యాహ్నం ఆమె రొట్టె సగమే తిని మంచం మీద ఒరిగింది. చెంబు గుండెల మీద పెట్టుకుంది. అతనివైపు తిరిగింది.

"పోత, మంజూ," అంది. పోయొస్త అనలేదు.

చెంబు పడింది. మంజునాథ్ విభూతిలో మూడు వేళ్లు అద్ది ఆమె నుదుట, పొద్దుటి విభూతి మీదే పెట్టాడు. చెయ్యి పట్టుకున్నాడు. తన పేరు నోటి దాకా వచ్చింది. ఇప్పుడు పిలిస్తే వస్తుంది, తానెవరో ఆమెకు తెలుసు. పళ్లు బిగించి కూర్చున్నాడు. ముందు ఆమె వేళ్లు చల్లబడ్డాయి, తర్వాత మణికట్టు, ఆఖరున అరచేతి నడిమి భాగం.

పొద్దుగూకి శరణప్ప, బస్వమ్మ చేను మట్టి అంటిన కాళ్లతోనే వసారాలోకి వచ్చారు. శరణప్ప తల్లి చెయ్యి పట్టుకుని వెంటనే వదిలేశాడు.

"చెంబు పడ్డది వినలేదా?"

"విన్న నాయినా."

"మరి?"

మంజునాథ్ నేల వైపు చూశాడు. "ఆట నడుమల ఉన్న. రెండో దాంట్ల ఆపుడు లేదు."

బస్వమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శరణప్ప కొట్టలేదు, తిట్టలేదు. గుమ్మం దగ్గర పడి ఉన్న చెంబును తీసి, కడిగి, బోర్లించాడు.

మర్నాడు చేనుగట్టు మీద తమ ఆచారం ప్రకారం గిరిజమ్మను గుంటలో కూర్చోబెట్టి సమాధి చేశారు. న్యాల్‌కల్ వాళ్లు ఈసారి కూడా జీపులో దండలు తెచ్చారు. పక్కింటివాళ్లు వినపడేట్టుగానే అనుకున్నారు, ఆట మోజులో పడి అవ్వను పోగొట్టుకున్నాడని. వీరేశ్ గుంపులోంచి వచ్చి మంజునాథ్ భుజం పట్టుకున్నాడు.

"నీ ఫోన్ల ఆట యాడిది రా? నువ్వెప్పుడో తీసేసినవు గద! చెప్పవెందుకు?"

"ఊకో వీరేశ్," అన్నాడు మంజునాథ్. "జర ఊకో. నీకు దండం పెడ్త."

మట్టి వేసేముందు శరణప్ప పళ్లెం పట్టుకుని, గుంట చుట్టూ నిలబడ్డవాళ్ల చేతుల్లో తలా చిటికెడు విభూతి పెడుతూ వచ్చాడు. కొడుకు చెయ్యి చాపాడు. శరణప్ప ఆ చేతిని దాటి పక్కవాడి దగ్గరికి పోయాడు. మంజునాథ్ మూడు వేళ్లకు నిన్న మధ్యాహ్నపు విభూతి ఇంకా అంటుకునే ఉంది. అది తండ్రి కంట పడకుండా పిడికిలి మూసుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.