వెంకట్రాజం మగ్గం ఆగిన వేళ

మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చున్న వెంకట్రాజం, నాడెను ఇటు నుంచి అటు విసిరి ఎర్ర పోగును జంఖానా తివాచీలోకి దడాలున దిగ్గొట్టాడు. అరవై దాటిన మనిషి. ఒళ్లంతా బక్కే గాని భుజాలు మాత్రం పహిల్వాను భుజాలు. కొత్తవాడలో ఆయన మగ్గానికి ఒక పద్ధతి ఉంది. టీ తాగాలన్నా, బీడీ ముట్టించుకోవాలన్నా "ఓ పద్మా, ఆపుతున్న!" అని కేకేసి గాని ఆపడు.

చెప్పకుండా ఆగిందంటే ఆయనకు ఫిట్స్ వచ్చినట్టే. చిన్నప్పటి జబ్బు. వాళ్లమ్మ ఆ సంగతి దాచి పెళ్లి చేసింది. వారం తిరక్కుండానే బయటపడింది. పద్మలత నెల రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకనాడు కండెలు చుట్టే రాట్నం తెచ్చి మగ్గం పక్కనే వేసుకుంది. అంతే, ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. దవాఖాన గోళీల పుణ్యమా అని ఇప్పుడు ఏడాదికోసారి వస్తే వచ్చినట్టు. అవి బీపీ గోళీలని ఆయన వాడకట్టంతా చెప్పుకున్నాడు. వాడకట్టు కూడా మహా బుద్ధిగా నమ్మినట్టు నటించింది. ఎంత మంచి జనమో!

ఆ పొద్దున భవాని అనే సర్వే పిల్ల వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ఫోను. మూర్ఛ జబ్బు ఎంతమందికి ఉందో లెక్క తీస్తున్నారట.

"మా ఇంట్ల ఎవ్వలికి లేదు బిడ్డా," అంది పద్మలత అరుగు మీదికి వచ్చి.

ఎదురింటి మొగిలమ్మ అక్కడి నుంచే అందుకుంది. "ఈ వాడల అసలుకే లేదు. మంచినీళ్లు తాగి పో."

"ఏ ఇంట్ల అడిగినా ఇదే మాట. మా సార్ నమ్ముతడా పెద్దమ్మా?" అంటూ భవాని పక్కింటి తలుపు కొట్టింది.

వెంకట్రాజం చెవులు అటే ఉన్నాయి. పక్కింట్లో కేసముద్రం నుంచి వచ్చిన శోభారాణి కొత్తగా అద్దెకుంటోంది. ఆమె కూతురు నవత పదో తరగతి. మొన్న గోడవతల దబ్బున పడ్డ చప్పుడూ, తల్లి గొంతులో నొక్కుకున్న ఏడుపూ వినగానే ఆయనకు అర్థమైపోయింది. అప్పటి నుంచి పిల్ల బడికి పోవడం లేదు. చేతికి తాయెత్తు వచ్చింది. వాడకట్టు తన కోసం నోరు మూసుకుంటే, పాపం, ఈ కొత్త మనిషి లోకంలో తన బిడ్డకొక్కదానికే గాలి సోకిందనుకుంటోంది. ఆ పిల్లకు గోళీలు ఎవరిప్పిస్తారు?

"మా ఇంట్ల గూడ లేదు," శోభారాణి తలుపు సగమే తీసి చెప్పింది.

వెంకట్రాజం ఇక ఆగలేకపోయాడు. నాడె వదిలేసి గుంటలోంచి లేచాడు. ఆ తొందరలో కేక వేయడం మరిచిపోయాడు.

మగ్గం ఆగింది. ఇంకేముంది! పద్మలత చేతిలోని కండె పారేసి లోపలికి పరుగు. మొగిలమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చింది. ఆమె వెనక నాలుగిళ్ల ఆడవాళ్లు, "పక్కకు ఒరగబెట్టుండ్రి! నోట్ల ఏం పెట్టకుండ్రి!" అని అరుచుకుంటూ. తీరా చూస్తే మనిషి గుమ్మంలో నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

భవాని అందరినీ వింతగా చూస్తోంది. శోభారాణి తలుపు పూర్తిగా తీసింది.

"నాకేం కాలే," అన్నాడు వెంకట్రాజం సిగ్గుపడుతూ. "బిడ్డా, నా పేరు రాస్కో. చిన్నప్పటి సంది ఫిట్స్ నాకు. గోళీలేస్కుంట మగ్గం నేస్తున్న, ఇద్దరు పిల్లల్ని పెంచిన. అవి బీపీ గోళీలు గావు."

"అబ్బో, మాకు ఎర్కనే లేదు!" అంది మొగిలమ్మ. అందరూ పక్కున నవ్వారు. పద్మలత కూడా నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్ల బరువు దిగి ఆమె ప్రాణం తేలికపడింది.

శోభారాణి నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "గోళీలేస్తే బడికి పోవచ్చా అన్నా?"

"బడేంది, కాలేజికి గూడ పోతది. ఫికర్ చెయ్యకు చెల్లె."

"మా డాక్టర్ సార్ సాయంత్రం దాక దవాఖాన్ల ఉంటడు," అంది భవాని.

శోభారాణి పద్మలత చెయ్యి పట్టుకుంది. "పద్మక్కా, జర నాతోని వస్తవా?"

పద్మలత మొగుడి వైపు చూసి తటపటాయించింది.

"పో, నేనున్న," అంటూ మొగిలమ్మ లోపలికెళ్లి రాట్నం ముందు చతికిలబడింది.

ఆటో వచ్చింది. నవత తలవంచుకుని ఎక్కింది, పక్కన పద్మలత. ఎక్కబోతూ శోభారాణి తన చేతిలోకి చూసుకుంది. ఏ తాళానికీ పనికిరాని పాత ఇనుప తాళంచెవుల గుత్తి. ఫిట్స్ వచ్చినప్పుడు బిడ్డ పిడికిట్లో కుక్కడానికి ఎప్పుడూ వెంట ఉంచుకునేది. ఒక్క క్షణం ఆగి, దాన్ని అరుగు మీద పెట్టి ఆటో ఎక్కేసింది.

ఆటో సందు మలుపు తిరిగింది. లోపల మగ్గం మళ్లీ అందుకుంది. అరుగు మీద, ఎండలో, తుప్పు పట్టిన ఆ తాళంచెవుల గుత్తి అలాగే ఉండిపోయింది.