పులుసుతో పడని షార్డనే

దుర్గాప్రసాద్ పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజరు. దేన్నయినా పరీక్షించి బాగోగులు తేల్చడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగడని భార్య నాగేశ్వరి ఫిర్యాదు. అలాంటి మనిషికి, ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చిన ఫ్రాన్సు కస్టమరొకాయన వెళ్తూ వెళ్తూ షార్డనే అనే తెల్ల వైను సీసా ఒకటి చేతిలో పెట్టిపోయాడు.

వారమంతా ఫోన్లో వీడియోలు చూసి, ఆదివారం మధ్యాహ్నం పక్కింటి సంగయ్యనూ, ఆయన భార్య మొగులమ్మనూ భోజనానికి పిలిచాడు.

"ఈ వైనుకి చేపలు బాగా కుదురుతాయట," అన్నాడు భార్యతో.

నాగేశ్వరి మొహం వెలిగిపోయింది. భీమవరం వదిలి వచ్చినా ఆమె చేతి పులుసు ఆమెను వదల్లేదు. శనివారం సాయంత్రమే కొరమీను పులుసు పెట్టి, రాత్రంతా ఊరనిచ్చింది. కావలసింది వెన్నలో వేయించిన చేప, కారం అస్సలు పనికిరాదు అని వీడియోలో చెప్పిన సంగతి ఆయన ఆమెకు చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

సీసా బిరడా తీసే పరికరం ఇంట్లో లేదు. ఆయన బిరడాలోకి స్క్రూ దించి, కటింగ్ ప్లయరుతో లాగాడు. సగం వచ్చింది, సగం లోపల పడింది. నాగేశ్వరి టీ వడకట్టే జల్లెడ తెచ్చిచ్చింది.

దుర్గాప్రసాద్ గ్లాసును గుండ్రంగా తిప్పి, అందులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"ఏంది సారూ, గట్ల పెట్టిన్రు? జలుబు జేసిందా?" అన్నాడు సంగయ్య.

"వాసన చూడాలి సంగయ్యా. ఆపిల్ పండు, వెన్న, కొంచెం చెక్క..."

సంగయ్య కూడా చూశాడు. "చెక్కనే సారూ. మా కొత్త తలుపు లెక్కనే ఉంది."

నాగేశ్వరి పులుసు ముక్కలు వడ్డించింది. దుర్గాప్రసాద్ ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, ఇనప చువ్వ నాకినట్టు మొహం పెట్టాడు.

"కుదరలేదు," అన్నాడు.

"ఏది కుదరలేదు?" నాగేశ్వరి గరిటె పట్టుకునే అడిగింది.

"పులుసు... అంటే, దీనితో..."

ఆమె ఇంకేం విన్లేదు. ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పు, పులుపు, కారం, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. జీవితంలో మొదటిసారి మొగుడి చేతిలోంచి గ్లాసు లాక్కుని ఓ గుక్క మింగింది. నాలుక చేదెక్కి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది కుదరలేదు," అంది గ్లాసు చూపిస్తూ. "నా పులుసుకేం?"

మొగులమ్మ మెల్లగా తాను తెచ్చిన డబ్బా మూత తీసింది. "వట్టి చేతులతోని ఎట్లొస్తమని మక్క గారెలు జేసిన. జెర తినున్రి."

దుర్గాప్రసాద్ ఒక గారె కొరికి, గుక్క తాగాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "అబ్బ! అబ్బబ్బ! మొగులమ్మగారూ, అద్భుతం!"

నాగేశ్వరికి ఒళ్ళు మండింది. పులుసు పెట్టినన్నాళ్ళలో తనకు ఒక్క 'అబ్బ' కూడా దక్కలేదు. ఆ రెండో 'అబ్బ' అబద్ధమని తేల్చాలని ఆయన వంటింట్లోకి మంచినీళ్ళకు వెళ్ళగానే ఒక గారె తిని, వెనకే ఒక గుక్క తాగింది. మొక్కజొన్న తీపి, నూనె కమ్మదనం, ఆ పుల్లటి చల్లదనం ఒకదాన్నొకటి పట్టుకుని గొంతులోకి జారాయి. పాపం, నిజమే చెప్పాడు.

"ఎట్లుందక్కా?" అంది మొగులమ్మ.

"గారె బాగుంది," అంది నాగేశ్వరి. డబ్బా వైపు చెయ్యి చాపి, "ఇంకోటివ్వు. నువ్వూ ఒక గుక్క చూడు."

"నాకొద్దమ్మో!" అంటూనే మొగులమ్మ గ్లాసందుకుంది.

దుర్గాప్రసాద్ ఫిల్టరు సన్నధార కింద జగ్గు నిండేదాకా నిలబడి, నీళ్ళతో తిరిగొచ్చేసరికి ఇద్దరూ సోఫాలో కూర్చుని, సంగయ్య కొత్త తలుపు సంగతి తలుచుకుని ఆగకుండా నవ్వుతున్నారు. సీసా అడుగంటింది.

"నాగేశ్వరీ, తాగేశావా?"

"తాగలేదండీ, రుచి చూశాం. అన్నం మీరు వడ్డించండి, మేం లేవలేం."

సంగయ్య అన్నం గిన్నె పట్టుకున్నాడు, దుర్గాప్రసాద్ గరిటె పట్టుకున్నాడు.