ఆకుపచ్చ పొట్లం

కొత్త సర్వరు మధ్యాహ్నానికే మొరాయించింది. "దూరాలు లెక్కగట్టే ఎక్స్‌టెన్షన్ కనబడలేదు" అని తెర మీద చదవగానే కువాన్-తింగ్‌కి తప్పెక్కడుందో తెలిసిపోయింది. డేటాబేసుకి ఏది చేర్చినా మైగ్రేషన్ ఫైల్లో రాయాలని, కొత్త సర్వరు దాన్ని చూసే తయారవుతుందని ఆఫీసులో అందరికీ నూరిపోసింది తనే. పాత సర్వరులో ఆ ఎక్స్‌టెన్షన్‌ని హడావుడిగా చేత్తో పెట్టేసి, ఫైల్లో రాయకుండా వదిలేసిందీ తనే.

"పొట్లం మీద గడువు తేదీ చూశారా? ఎప్పుడో దాటిపోయింది," అన్నాడు మేనేజరు.

సర్వరు బుద్ధిగా ఉండాలని అక్కడి ఆఫీసుల్లో ఆనవాయితీగా దాని నెత్తిన పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లం అది; పాత సర్వరు మీదున్నదాన్నే కొత్తదాని మీదకి మార్చారు. గడువు దాటకుండా కొత్తది తెచ్చే పని పెయ్-షాన్‌ది.

"తిండి పెట్టకుండా పని చెయ్యమంటే ఎలా తల్లీ," అన్నారెవరో. అందరూ నవ్వారు.

"తప్పు నాదే," అంటూ ఆ పిల్ల తల దించుకుని కింద దుకాణానికి పరుగెత్తింది.

నోరు విప్పాల్సింది అప్పుడే. మన పెద్దమనిషి కువాన్-తింగ్ మాత్రం ఆమె తిరిగొచ్చేలోగా గుట్టుగా ఫైల్లో ఆ ఎక్స్‌టెన్షన్ పెట్టమనే ఒక్క వాక్యం చేర్చేశాడు. కొత్త పొట్లం పెట్టాక మళ్లీ నడిపితే సర్వరు లేచి కూర్చుంది. పొట్లానికి చప్పట్లు కొట్టారు.

పెయ్-షాన్ అతనికి మార్కర్ అందించింది.

"పొట్లం మీద మంచి మాట మీరే రాయాలి అన్నా. మా అందరిలో తప్పు చెయ్యని చెయ్యి మీదొక్కటే."

ఆ చేత్తోనే రాశాడు: 'బుద్ధిగా ఉండు.'