వేట కాదు, ఏరుకోవడం

కోడలు గీసిన పటం గోడకెక్కిన రోజున అత్తగారు అందరికంటే ముందొచ్చి ముందు వరుసలో కూర్చుంది. కూర్చోదా మరి? కోడలంటే ఆమెకు పైకి చిరాకు, లోపల మురిపెం.

చేపల వేలం షెడ్డు కడిగి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కోడలిది సముద్రాన్ని కాపాడే ఆఫీసులో ఉద్యోగం. చేపపిల్లలు పెరిగే చోట్లు ఎవరూ వెళ్ళకుండా మూసేస్తే కొన్నేళ్ళకి చుట్టుపక్కల వలలు నిండుతాయని నమ్మి, ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎక్కడ వేటకెళ్తారో అడిగి, ఎవరి పొట్టా కొట్టకుండా హద్దులు గీసింది. పడవలకు వదిలింది నీలం, మూసేసేది ఎరుపు.

అత్తగారి కళ్ళు తన రాళ్ళ తిప్ప కోసం వెతికాయి. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడల్లా తనూ, ఇంకో పాతికమంది ఆడవాళ్ళూ గంపలు పట్టుకుని నడిచివెళ్ళి ఆల్చిప్పలు ఏరుకునే చోటది. భర్త పోయాక కొడుకుని పెంచింది ఆ తిప్పే. కనబడింది. మొత్తం ఎర్రగా ఉంది.

"ఇక్కడికి ఎవరూ పోరు. అందుకే పూర్తిగా మూసేయొచ్చు," అంటోంది కోడలు మైకులో.

ఎవరూ పోరట! మరి కోడలు లొట్టలేసుకుంటూ తినే ఆల్చిప్పలు గిన్నెలోకి నడిచొస్తున్నాయా?

అప్పుడు గుర్తొచ్చింది అత్తగారికి. కోడలు తననీ అడిగింది, వేటకెళ్తారా అని. లేదమ్మాయ్ అని చెప్పి గిన్నెలు తోముకుంది తను. వేటంటే పడవ, వల, మగవాళ్ళు. తిప్ప మీదికెళ్ళడం వంటింటి పనిలో భాగం, అదీ ఒక పనేనా అనుకుంది. కోడలూ అంతే అనుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అదే జవాబు చెప్పి ఉంటారు.

ఇప్పుడు నోరు విప్పితే, పటం పక్కనే కూర్చున్న పై అధికారి ముందు కోడలికి తలకొట్టేసినట్టవుతుంది. విప్పకపోతే పాతికిళ్ళ కడుపు మీద దెబ్బ. వెనక వరుసలోని ఆడవాళ్ళు, మీ కోడలే కదా, నువ్వే చెప్పు అన్నట్టు ఆమెనే చూస్తున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక కోడలేం పెడుతుంది?

లేచింది. "అమ్మాయ్, నువ్వడిగింది వేట గురించి. మేం వేటకెళ్ళం, ఏరుకుంటాం. ఆ ఎర్ర రంగు కింద ఉన్నది మేమే."

పై అధికారి ఏదో సర్దిచెప్పబోతే కోడలు ఆపేసింది. "తప్పు నాదే సార్. నేనడిగిన మాటే తప్పు."

దాంతో అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. కొడుకు ఉద్యోగంలో చేరిన రోజున కూడా ఆమెకంత గర్వమనిపించలేదు.

ఇక ఆడవాళ్ళు పటం చుట్టూ మూగారు. తిప్పని కాలినడకన వచ్చేవాళ్ళకే ఉంచాలన్నారు. వలలు అటు రాకూడదన్నారు. ఆల్చిప్పలు గుడ్లు పెట్టే నెలల్లో తామూ రామన్నారు. దానికి ఒకావిడ రుసరుసలాడింది, తక్కినవాళ్ళు నచ్చజెప్పారు. కోడలు అన్నిటికీ తలూపింది గానీ, సముద్రపు గడ్డి పెరిగిన మూల మాత్రం ఇవ్వలేనంది, చేపపిల్లలు దాక్కునేది ఆ గడ్డిలోనే అని. తీరా చూస్తే అత్తగారికి గంప తొందరగా నిండే మూల అదే. మా కోడలికి ఇంకో మూల దొరకలేదు కాబోలని గొణిగింది, గొణుగుతూనే ఒప్పుకుంది.

మర్నాడు నీళ్ళు తగ్గాక కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని, రాళ్ళ మీద జారుతూ తిప్ప మీదికొచ్చింది. కొత్త పటంలో మీ తిప్పకి వేసే రంగు పక్కన ఏమని రాయమంటారు అత్తయ్యా అని అడిగింది.

"ఏరుకునేవాళ్ళు అని రాయి."

అని, గంప తీసి కోడలి చేతిలో పెట్టింది. "నువ్వూ ఏరు. రేపెవరైనా అడిగితే, నాలాగా లేదనకు."