ఆర్సీ లేని బండ్లు

“తొవ్వల పోలీసోళ్లు నిలబడితే బండి మల్లించు బిడ్డా. క్వారీ బాట పట్టుకొని పో. ఆళ్ల ముందటికి పోకు.”

మొదటి షిఫ్టుకు పోయే నా కొడుకు సాల్మన్‌కు నేను రోజూ చెప్పే మాట ఇది. ఆ రోజూ చెప్పిన.

“ఇంకేం భయాలున్నయే అమ్మా? లారీ గుద్దుతది, కుక్క అడ్డమొస్తది, పోలీసోడు పట్టుకుంటడు. అన్నీ చిట్టీ మీద రాసియ్యి, జేబుల పెట్టుకుంట” అని నవ్వుకుంట పోయిండు.

నేను ఏడో తరగతి దాక చదివిన. పేపరు కూడబలుక్కొని చదువుత. యాక్సిడెంటు వార్త కనబడితే ముందుగాల ఊరి పేరు ఎతుకుత. నాది గసొంటి పానం. కానీ పోలీసోళ్ల భయం నా ఒక్కదానిదే కాదు. మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల బస్తాలు మోసే హమాలీలందరిదీ. వాళ్ల బండ్లన్నీ చేతులు మారుకుంట వచ్చినయి. సాల్మన్ బండి ఆర్సీ మిర్యాలగూడల ఎవరో ముఖం తెల్వని ఆయన పేరు మీద ఉండె. పేరు మార్చుకుందామని ఆఫీసు చుట్టు తిరిగితే ఆ రోజు పని పోతది. బండి గుంజుకుంటే షిఫ్టు యాళ్లకు చేరలేరు. అందుకే చెకింగు కనబడితే హమాలీలు బండి మల్లించుకొని సున్నపురాయి క్వారీల నడుమకెల్లి ఇండ్లకు వస్తరు.

హమాలీ తమ్ముళ్లారా, కాలేజీ పిల్లలారా, ఈ ముచ్చట మీకే చెప్తున్న.

పగలు రెండు దాటినంక ఫోను మోగింది. సాల్మన్ నంబరే. “తిన్నవా బిడ్డా” అన్న. “దవాఖానకు రా” అన్నది ఎవరిదో గొంతు.

స్ట్రెచరు మీద పండవెట్టిన్రు నా కొడుకును. అప్పటికే పానం పోయింది. ఎడమ చెవి ఎనక పగిలింది. మోకాళ్లకు గీర లేదు. మోచేతులకు గీర లేదు. బండి మీదకెల్లి పడ్డోని మోకాళ్లు కొట్టుకపోవా? ఆ మాట నాకు అప్పుడే తోచింది. 

“నీ కొడుకేనా?” అన్నడు ఎస్సై. “ఆపుమంటే బండి మల్లించుకొని ఉరికిండమ్మా. తనంతల తనే పడ్డడు. హెల్మెట్టు కూడ లేదు.”

మల్లించుకొని. నేను చెప్పిన మాట ఆ ఎస్సై నోట్లకెల్లి నా మీదికే వచ్చింది.

కాయితం ముందట పెట్టిండు. “సంతకం పెడితేనే పోస్టుమార్టం. పొద్దుగూకితే రేపటిదాక ఇక్కడనే.” మీది రెండు లైన్లు కూడబలుక్కున్న. సాల్మన్ పేరు, నా పేరు. మిగిలింది చదువనియ్యలే కండ్లు. పెట్టిన.

సమాధుల కాడికి హమాలీలందరు వచ్చిన్రు. మట్టి ఏసిన్రు. తల్కాయలు దించుకొని జారుకున్రు. పరశురాములు నా దగ్గరికే రాలే. వాడు సాల్మన్ జతగాడు. లారీ మీదికి బస్తా అందించేది వాడు, పేర్చేది నా కొడుకు. ఆ రోజు షిఫ్టు దిగి ఇద్దరూ ముందెనక బండ్ల మీదనే వచ్చిన్రంట. మా ఇంట్ల ఎన్నిసార్లు తిన్నడో. ఇప్పుడు నేను ఎదురుపడితే గల్లీ మారుతున్నడు.

పొద్దున నాలుగున్నరకే మెలకువ వస్తది. లేపేటందుకు ఎవ్వలూ లేరు. భయపడేటందుకు సుత ఎవ్వలూ లేరు. ఇరువై నాలుగేండ్లు నాకు పని అదే ఉండె. ఇల్లంత సప్పుడు లేకుంట అయింది. బండి మల్లించుమని నేనే చెప్పిన్నని ఎవ్వలికీ చెప్పలే. ఎవ్వలికి చెప్పాలె?

పదకొండో రోజు మనీష వచ్చింది. డిగ్రీ చదివే పిల్ల. వాళ్లమ్మ నాగరాణి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము ఊడుస్తది.

“పెద్దమ్మా, నువ్వు సంతకం పెట్టిన కాయితం నకలు తెచ్చిన. చదివినవా?”

“మీద రెండు లైన్లు చదివిన బిడ్డా.”

“‘నా కొడుకు సావు మీద నాకు ఎవరి మీదా అనుమానం లేదు’ అని కింద రాసుకున్నరు.”

నా చేత్తోనే మూసిన కేసు. 

“చూసినోళ్లు చెప్తే మల్ల తెరిపియ్యొచ్చు” అన్నది మనీష.

ఆదివారం లారీల అడ్డా పక్కన రేకుల షెడ్డుల మీటింగు పెట్టిన్రు. ముఠా మేస్త్రి బాలస్వామి నడుమ కూసున్నడు. నేను ఒక మూలకు కూసున్న.

“సాక్ష్యం చెప్తే ముందుగాల వాని బండి కాయితాలు అడుగుతరు” అన్నడొకడు.

“కాయితాలు లేకుంటే దొంగబండి కేసు పెడుతరు” ఇంకొకడు.

నాగరాణి లేచింది. “మీ అత్తగారోళ్లు పెట్టిన బండ్లా, గంత ముద్దు చేస్తున్రు? పది కిక్కులు కొడితే స్టార్టు గావు!” నవ్విన్రు. ఆమె నవ్వలే. “తెలంగాణ కోసమని గిదే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేసినం. ఆనాడు ఎవడన్న ఆర్సీ చూసుకొని వచ్చిండా? మీరు బండ్లు దాస్తున్రు, ఆళ్లు పిలగాని సావు దాస్తున్రు. ఎవలకు ఎవలు ఆసర అయితున్రో చూసుకోన్రి.”

“ఒక్కలు పోతే ఒక్క బండి గుంజుకుంటరు” అన్నది మనీష. “అందరి బండ్లు మనమే తీస్కపోయి ఇస్తే?”

బాలస్వామి గడ్డం గోక్కున్నడు. “అన్ని బండ్లు పెట్టే జాగ ఠాణల యాడుంది బిడ్డా?”

“అది ఆళ్లు చూసుకోవాలె మేస్త్రీ.”

సోమవారం ఏ షిఫ్టుకూ హమాలీలు ఎక్కలే. గేటు కాడ లారీలు ఖాళీగ నిలబడ్డయి. ఇంజన్లు బంజేసి, బండ్లు నెట్టుకుంట ఠాణ దాక నడిచినం. ఆడోళ్లం ముందట. ఠాణ ముందు రోడ్డుకు రెండు దిక్కుల బండ్లు నిలబెట్టిన్రు. తాళాలన్నీ ఒక ఖాళీ సిమెంటు సంచిల ఏసి బాలస్వామి మెట్ల మీద పెట్టిండు.

“కాయితాలు లేని బండ్లు సార్. పట్టుకోన్రి. బండ్ల భయం ఒడిసింది. ఇగ సాల్మన్ సంగతి మాట్లాడుదం.”

ఎస్సై గుంపును చూసిండు. నన్ను చూసిండు. “కన్నతల్లే సంతకం పెట్టింది. ఇంకేం సంగతి? చూసినోడుంటే ముందటికి రమ్మను.”

ఎవ్వలూ రాలే. తొలిసారి నా గొంతు లేచింది.

“కొడుకా, తమ్ముడా, ఎవలన్న చెప్పున్రి. పోలీసోళ్లు కనబడితే బండి మల్లించుమని నేనే చెప్పిన. మల్లించినందుకే సచ్చిండంటున్రు. నా మాటనే నా కొడుకును తిన్నదా? కేసు ఎట్లన్న పోనీ. నాకైతే చెప్పున్రి.”

 ఎండ మాడు మీద కొడుతాంది. ఎవరో దగ్గి ఆపుకున్నరు. యాడనో క్వారీల మందుగుండు పేలింది. దుమ్ము లేచి, మల్ల కిందికి దిగింది.  ఎస్సై లోపటికి మల్లబోయిండు.

ఎనకకెల్లి పరశురాములు వచ్చిండు.

“నీ పేరేంది? బండికి కాయితాలున్నయా?” అన్నడు ఎస్సై.

“లేవు. నా తాళం గా సంచిల ఉంది.” ఎస్సై దిక్కు చూడలే. నా ముందట నిలబడ్డడు. 

“సాల్మన్ మల్లలే పెద్దమ్మా. మల్లింది నేను. నేను మల్లుకుంట ఎనక్కి చూసిన. వాడు బండి ఆపిండు. స్టాండేసి దిగిండు. పోలీసోళ్లు తాళం గుంజుతుంటే, ‘తెల్లారితే షిఫ్టుంది సార్’ అని తాళం మీద చెయ్యేసిండు. గంతే. నిలబడ్డోణ్ని లాఠీతోని తల్కాయ మీద కొట్టిన్రు.” ఎస్సై దిక్కు తిరిగిండు. “రాసుకోన్రి.”